బొగ్గు బాయి దిగే టూరు: లోపల దొరికే సమయాన్ని బట్టే టికెట్టు విలువ

హనుమకొండలో పొద్దున ఆరింటికి బస్సెక్కి, గోదావరిఖని వైపు వెళ్లి, భూగర్భ బొగ్గు గని చూసి రాత్రికి ఇల్లు చేరే ఒకరోజు టూరు గురించి ఈ రివ్యూ. గని లోపల చూసేదానికి ఐదుకు ఐదు మార్కులు. బస్సు షెడ్యూలుకు మాత్రం రెండే. టూరు నడిపేవాళ్లు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే గని) వ్యూ పాయింట్, థర్మల్ ప్లాంట్, భూగర్భ గని మూడింటినీ ఒకే పగటిలో ఇరికిస్తారు. బాయి దగ్గర మిగిలేది గంట, గంటంబావు. అందులో హెల్మెట్లు పెట్టుకోవడం, దీపాలు కట్టుకోవడం, జాగ్రత్తలు వినడం పోను లోపల నిలబడి చూసేది నలభై నిమిషాలు. ఓపెన్‌కాస్టును గట్టు మీద నిలబడి పావుగంటలో చూసేయొచ్చు. భూమి లోపల మాత్రం చీకటికి కళ్లు అలవాటు పడడానికే కొంత సమయం పోతుంది. అందుకే టికెట్టు కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, 'లోపల ఎంతసేపు ఉంచుతారు?' రెండు గంటలకు తగ్గితే వేరే తేదీనో, వేరే టూరునో చూసుకోవడం మేలు.

వరంగల్ పల్లెల్లో బాయి అంటే మోటారు పెట్టి పొలానికి నీళ్లు తోడుకునే బావి. గోదావరిఖనిలో 'బాయికి పోయిండు' అంటే గనిలో డ్యూటీకి పోయాడని. గని పేర్లు కూడా ముందే తెలిసి ఉంటే బోర్డులు చదవడం తేలిక. జీడీకే అంటే గోదావరిఖని, ఆర్‌కే అంటే రవీంద్రఖని, వీకే అంటే వెంకటేశ్ ఖని, భూపాలపల్లి వైపు కనిపించే కేటీకే అంటే కాకతీయ ఖని. ఈ చివరిది ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే. ఇంత దగ్గర పెట్టుకుని కూడా ఓరుగల్లు వాళ్లలో చాలామంది బొగ్గు గని లోపలెట్లా ఉంటుందో చూడకుండానే బతికేస్తున్నారు.

చరిత్ర గురించి బస్సులో చెప్పేది బాగానే ఉంటుంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. ఇల్లెందును ఇప్పటికీ బొగ్గుట్ట అని పిలుస్తారు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, ఆ తేదీనే ఏటా సింగరేణి దినంగా జరుపుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొన్నది. ఇప్పుడు రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. ప్రాణహిత, గోదావరి లోయ పొడుగునా సుమారు 350 కిలోమీటర్ల మేర ఈ బొగ్గు పరుచుకుని ఉంది. నేడు ఉత్పత్తిలో అధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. దీపం కట్టుకుని దిగే బాయిలు తగ్గిపోతున్నాయి కాబట్టే ఈ టూరులో గని భాగాన్ని ఎక్కువసేపు చూడాలని పట్టుబట్టడం.

దిగే ముందు జేబులు ఖాళీ చేయిస్తారు. బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె, లైటర్ సంగతి అందరికీ తెలుసు. చాలామంది మరిచేవి వేరే ఉంటాయి: కారు రిమోట్ తాళంచెవి, స్మార్ట్ వాచీ, చెవిలో పెట్టుకునే బ్లూటూత్, పవర్ బ్యాంక్. బ్యాటరీ ఉన్న ఏ వస్తువైనా చిన్న నిప్పురవ్వ పుట్టించగలదు. గనిలో వాడే మోటార్లు, స్విచ్చులు, ఫోన్లు అన్నీ లోపలి నిప్పు బయటికి రాకుండా ప్రత్యేకంగా చేసినవి, మన మొబైల్ అలాంటిది కాదు. కాబట్టి లోపల ఫొటోలు కుదరవు, ఆ ఆశతో వెళ్లొద్దు. వినికిడి యంత్రం వాడే పెద్దలు బుకింగు అప్పుడే అడిగి తెలుసుకోవాలి. పాలిస్టర్ బట్టలు వద్దు, రాపిడికి విద్యుత్తు పుడుతుంది. పాత కాటన్ ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా, మందపాటి మేజోళ్లు సరిపోతాయి. చీరతో దిగడం కష్టం. పంజాబీ డ్రెస్సు వేసుకుంటే చున్నీ బస్సులోనే వదిలేయండి, వేలాడే గుడ్డ ఏదైనా తాడుకు, రోలరుకు చిక్కుతుంది.

పిల్లల విషయంలో చాలా కుటుంబాలు నిరాశ పడుతున్నాయి. గనుల్లో 18 ఏళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు, ఇది కఠినంగా పాటించే సంగతి. బుకింగు చేసేవాళ్లు ఈ మాట స్పష్టంగా చెప్పకుండా పిల్లలకు కూడా టికెట్టు కోసేస్తే, గేటు దగ్గర తల్లో తండ్రో ఒకరు పిల్లలతో బయటే కూర్చోవాల్సి వస్తుంది.

ల్యాంప్ రూమ్ దగ్గర తొందర పడొద్దు. టోకెన్ తీసుకుని దీపం ఇస్తారు. టోకెన్ బోర్డు మీద ఎవరి నంబరు ఖాళీగా ఉందో చూస్తే లోపల ఎంతమంది ఉన్నారో బయటివాళ్లకు తెలిసిపోతుంది. పాత రకం క్యాప్ ల్యాంపుకు నడుము బెల్టుకు తగిలించే యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, రెండు కిలోలు దాటుతుంది. మూత వదులుగా ఉంటే యాసిడ్ కారి ప్యాంటు కాలుతుంది. చేతితో కింద తడిమి తడి తగిలితే మార్చమని అడగండి. కొత్త ఎల్‌ఈడీ దీపమైతే ఈ బాధ లేదు. వెలిగించి గోడ మీద వెలుతురు పడేలా చూసి, హెల్మెట్ క్లిప్పు గట్టిగా పట్టిందో లేదో తల ఊపి చూసుకోవాలి. దీపం ఎదుటివాళ్ల కళ్లలోకి కొట్టకూడదు, మాట్లాడేటప్పుడు తల కాస్త పక్కకు తిప్పాలి. గనివాళ్ల మర్యాద అది.

బెల్టుకే తగిలించే ఇంకో డబ్బా సెల్ఫ్ రెస్క్యూయర్, ప్రమాదంలో ఊపిరి పీల్చుకుంటూ బయటపడడానికి. దీని గురించి తరచుగా తప్పు అర్థం చేసుకుంటారు. ఫిల్టరు రకం డబ్బాలో ఆక్సిజన్ ఉండదు. నిప్పు అంటుకున్నప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడును అది కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది, ఆ మార్పులో పీల్చే గాలి వేడెక్కుతుంది. నోరు కాలుతోందని తీసేసినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వేడెక్కుతోందంటే అది పనిచేస్తోందని అర్థం. రసాయనంతో ఆక్సిజన్ పుట్టించే రకం వేరే ఉంది. మీ నడుముకు కట్టింది ఏ రకమో గైడును అడిగి, మూత ఎలా తెరవాలో చూపించమనండి. ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకుందామని కొన్ని గుంపులు వదిలేస్తున్నాయి, అది సరికాదు.

దిగడం ఇంక్లైన్ గుండా, అంటే వాలుగా తవ్విన సొరంగం గుండా. చైర్‌లిఫ్ట్ ఉన్నచోట కదిలే తాడుకు వేలాడే కుర్చీ మీద రెండు కాళ్లూ చెరోవైపు వేసి కూర్చోవాలి, కాళ్లు ముడుచుకోవాలి, ఊగకూడదు. దిగే ప్లాట్‌ఫారం రాగానే ముందుకు అడుగేసి వెంటనే పక్కకు తప్పుకోవాలి. వెనక కుర్చీ ఆగదు. చైర్‌లిఫ్ట్ లేనిచోట నడకే. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది గానీ లెక్క ముందే వేసుకోండి: ఐదుకు ఒకటి వాలులో 300 మీటర్లు నడిస్తే నిలువుగా 60 మీటర్ల దాకా దిగినట్టు. తిరిగి రావడమంటే దాదాపు 20 అంతస్తులు ఎక్కడం. మోకాళ్ల నొప్పి, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూసిన చోట భయపడేవాళ్లు పైనే ఆగిపోవాలి. లోపల మరుగుదొడ్డి ఉండదనీ గుర్తుంచుకోండి.

టబ్బులు, అంటే బొగ్గు మోసే చిన్న బండ్లు, లాగే తాడు దారిలో వెళ్తుంటే పక్క గోడలో సున్నం కొట్టిన గూళ్లు కనిపిస్తాయి. మ్యాన్‌హోల్ అంటారు. మామూలుగా 10 మీటర్లకు ఒకటి, ఎత్తు 1.8 మీటర్లు, లోతు 1.2 మీటర్లు. టబ్బుల వరుస తెగి కిందికి దొర్లుకొస్తే మనిషి ఒదిగి నిలబడడానికి అవి. సున్నం కొట్టేది చీకట్లో తేలిగ్గా కనబడాలని. హాలేజీ (టబ్బుల తాడు లాగే యంత్రం) గంటలో ఒక్కటే మోత వినిపిస్తే, నడుస్తున్నది ఆపమని అర్థం.

ఈ టూరులో అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది తల మీది కప్పు. గైడు ఇనుప రాడ్డుతో కప్పును కొట్టి చూపిస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్లగా మోగుతుంది. గైడు చెప్పకపోతే మీరే అడగండి, పక్కపక్కనే రెండు చోట్లా కొట్టించుకుని వినండి, ఒక్కసారి వింటే జన్మలో మరవరు. కప్పులోకి దిగ్గొట్టిన ఇనుప బోల్టులు సాధారణంగా 1.5 నుంచి 1.8 మీటర్ల పొడవుంటాయి. రాతి పొరలన్నిటినీ కలిపి ఒకే మందపాటి దూలంలా పట్టి ఉంచడం వాటి పని. పాత చోట్ల కర్ర దిమ్మెలు కనిపిస్తాయి, దుంగలను అడ్డంగా నిలువుగా పేర్చి కట్టినవి. ఇనుము ఉండగా కర్ర ఎందుకని ప్రతి గుంపులోనూ ఒకరు అడుగుతారు. బరువు మీద పడుతుంటే కర్ర ముందు చిటపటమంటుంది, పగులుతుంది, పరుగెత్తడానికి టైమిస్తుంది. కప్పుకు కర్రల ఆసరా పెట్టే పాత టింబర్‌మన్లు 'కర్ర చెప్తది' అంటారు.

ఇక స్తంభాలు. ఇక్కడి పాత గనుల్లో బొగ్గును గళ్ల బట్టలా తవ్వారు. దారులు తవ్వుతూ మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. దారి వెడల్పు 4.8 మీటర్లకు, ఎత్తు 3 మీటర్లకు మించకూడదని నిబంధన. 4.8 మీటర్ల వెడల్పు దారికి, లోతు 60 మీటర్ల లోపైతే ఒక స్తంభం నడిమధ్య నుంచి పక్క స్తంభం నడిమధ్యకు కనీసం 19.5 మీటర్లు ఉండాలి. లోతు 360 మీటర్లు దాటితే 48 మీటర్లు. లెక్క వేస్తే, మొదటి సందర్భంలో తొలివిడత తవ్వకంలో 43 శాతం బొగ్గు బయటికొస్తుంది, రెండో సందర్భంలో 19 శాతమే. మిగతాదంతా పైనున్న భూమిని మోస్తూ లోపలే ఉంటుంది. ఆ స్తంభాలను వెనక్కి వస్తూ తీసే పనే గని పనుల్లో ప్రమాదకరమైనది. తీశాక కప్పును కూలనిస్తారు, లేదా గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో పంపి నింపుతారు. పైన ఊరో రైలు పట్టాలో ఉంటే ఇసుక నింపడం తప్పదు. లేకుంటే నేల కుంగుతుంది. మొత్తం ముగిసి వదిలేసిన ఖాళీని గోఫ్ అంటారు. దాని అడ్డగోడ దగ్గర నిలబడ్డప్పుడు గైడును నిప్పు గురించి అడగండి. వదిలేసిన బొగ్గు గాలి తగిలి తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది, ఆ గోడలు గాలిని ఆపడానికి కట్టినవి.

గాలి కథ కూడా ఇంత గొప్పదే. పైన పెద్ద ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటుంది, మంచి గాలి ఇంక్లైన్ నుంచి లోపలికి వస్తుంది. దారి మధ్యలో తలుపులు ఎదురవుతాయి, ఎప్పుడూ జంటగా ఉంటాయి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి దగ్గరి దారిన తిరిగి వెళ్లిపోతుంది, ముందున్న పనిచోటికి అందదు. గుంపులో ఆఖరివాళ్లు చేసే తప్పు ఇదే, ముందువాళ్లను అందుకోవాలని వెనక తలుపు వదిలేసి పరుగెత్తుతారు. తలుపు లాగుతుంటే చేతికి తగిలే ఒత్తిడే ఫ్యాను బలం.

ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంపును, అంటే వాయువులను పసిగట్టే మంట దీపాన్ని, చేతికిస్తే తప్పక చూడండి. ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1815 నాటి ఆలోచన ఇప్పటికీ అందులో ఉంది. జ్వాల చుట్టూ చదరపు అంగుళానికి 784 రంధ్రాల ఇనుప జాలీ ఉంటుంది, మంట వేడిని అది పీల్చేసి బయటి వాయువును అంటుకోనివ్వదు. మీథేన్ గాలికన్నా తేలిక, కప్పు దగ్గర చేరుతుంది. దాన్ని పట్టడానికి వత్తి తగ్గించి దీపాన్ని పైకెత్తుతారు. మంట మీద లేత నీలి టోపీ కనబడితే మీథేన్ ఉన్నట్టు. కార్బన్ డయాక్సైడ్ బరువు, నేల దగ్గర ఉంటుంది. అక్కడికి దించితే మంట మసకబారుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. అంతదాకా రానివ్వరు, పనిచోట 1.25 శాతం దాటితే కరెంటు తీసేస్తారు. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. గోడల మీద తెల్లటి పొడి చూసి సున్నం కొట్టారని అనుకుంటారు. అది చాలాచోట్ల రాతి పొడి. బొగ్గు దుమ్ము లేచి పేలుడు పాకకుండా దాన్ని చల్లుతారు. బట్టలకు అంటితే తడిచేత్తో రుద్దకుండా దులపండి.

నీళ్లు కారి చేరే గుంట, అంటే సంప్ దగ్గర గైడు నెమ్మదిస్తే ఓపికగా వినండి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. నీళ్లు నిండిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపుకు వస్తే ప్రత్యేక అనుమతి లేకుండా ముందుకు వెళ్లకూడదని, ముందుగా సన్నని రంధ్రాలు వేసి నీళ్లున్నాయో లేదో చూసుకోవాలని నియమం. నక్షాలో పాత తవ్వకం ఒక్క గీత తప్పుగా ఉన్నా ఎంత నష్టమో అక్కడ నిలబడి వింటే అర్థమవుతుంది. ఈ చోటును దాటవేసి యంత్రాల ముందుకు తీసుకెళ్లే గైడింగు మాకు నచ్చదు.

బొగ్గు తవ్వే ఫేస్ దగ్గర తట్ట, చెమ్మాస్ పెట్టి పాత పద్ధతి చూపిస్తారు. చెమ్మాస్ అంటే పార, తట్ట అంటే బుట్ట. పేల్చిన బొగ్గును పారతో తట్టలోకి ఎత్తి, తట్టను టబ్బులోకి వంచేవాళ్లు. ఖాళీ తట్టను ఒకసారి ఎత్తి చూడండి, దాన్ని నింపితే ఎంతవుతుందో ఊహించండి. ఆ పని చేసినవాళ్లను కోల్ ఫిల్లర్లు అనేవారు. తర్వాత ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్) అనే లోడింగు యంత్రాలు వచ్చి తట్ట పోయింది. షేల్ రాయిలో నల్లటి ఆకు అచ్చులు కనిపించవచ్చు, గ్లాసోప్టెరిస్ చెట్టువి. పర్మియన్ యుగపు ఆకులు, ఇరవై ఐదు కోట్ల ఏళ్లు దాటినవి. దీపం ఏటవాలుగా పట్టితేనే ఈనెలు తేలతాయి, నేరుగా కొడితే కనిపించవు. అచ్చును గోరుతో గీకొద్దు, ముక్క విరవొద్దు.

గైడు ఎవరన్నది ఈ టూరు మొత్తాన్ని మార్చేస్తుంది. బాయిలో కార్మికుల పని చూసే సూపర్‌వైజరుగా చేసి రిటైరైన సర్దారో, ఓవర్‌మనో వస్తే అదృష్టం. రాతపూర్వకంగా నేర్చుకున్న వివరణకూ, కప్పు చప్పుడు విని పరుగెత్తిన మనిషి మాటకూ పొంతన ఉండదు. 'అన్నా' అని పిలిచి ప్రశ్నలడిగితే సంతోషంగా చెప్తారు. ఇబ్బంది గుంపు సైజులో ఉంది. ముప్పై మందిని ఒకే వరుసలో దింపితే ముందున్న ఆరుగురికే వినబడుతుంది, ఫ్యాను, పంపుల మోతలో వెనకవాళ్లు గోడలు చూస్తూ నడుస్తారు. పది, పన్నెండు మందికి ఒక గైడు ఉండాలని మా గట్టి మాట. అలా విడగొట్టే టూరుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ధర పోల్చుకోవాలంటే, 2022 డిసెంబరులో ఆర్టీసీ హైదరాబాద్ నుంచి సింగరేణి దర్శన్ మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కరికి 1,600 రూపాయలు.

కాలం ఎంచుకోవడంలో డిసెంబరు, జనవరి మేలు. రామగుండం ఎండలు రాష్ట్రమంతటా పేరుమోసినవి. మేలో లోపలి ఉక్కనుంచి బయటి మంటలోకి వస్తే తల తిరుగుతుంది. వానాకాలంలో ఓపెన్‌కాస్ట్ వ్యూ పాయింట్ దారి బురద. సొంతంగా వెళ్లాలనుకునేవాళ్లకు కాజీపేట, బల్లార్షా లైనులో రామగుండం స్టేషన్ ఉంది, కానీ అనుమతి లేకుండా గని గేటు దాటనివ్వరు, కాబట్టి ముందు బుకింగు, తర్వాతే రైలు టికెట్టు. భోజనం విషయం పెద్దగా ఏమీ లేదు. బస్సువాళ్లిచ్చే పొట్లం వద్దనుకుంటే గోదావరిఖని చౌరస్తాలో తినొచ్చు. కానీ దిగే ముందు కడుపునిండా తినకండి, ఎక్కేటప్పుడు ఆయాసం రెట్టింపవుతుంది.

పైకి వచ్చాక అందరూ ముఖం కడుక్కోవడానికి, ఫోన్లు తీసుకోవడానికి పరుగెడతారు. ముందు ల్యాంప్ రూమ్‌కు వెళ్లండి. దీపం, సెల్ఫ్ రెస్క్యూయర్ అప్పగించి మీ నంబరు టోకెన్ బోర్డుకు తిరిగి చేరిందని కళ్లతో చూసి కదలండి. ఒక్క టోకెన్ తేడా వచ్చినా లోపల మనిషి ఉండిపోయాడనే లెక్క. ఎవరో ఒకరు మళ్లీ దిగి వెతకాలి.